డేటాస్టోర్‌లో ఖాళీ ఉంది, పూల్‌లో లేదు: ఒక ఆసుపత్రి స్టోరేజ్ కేసు

థిన్ ప్రొవిజనింగ్ (ఉన్నదానికంటే ఎక్కువ జాగా చూపించి, రాసినప్పుడే నిజంగా కేటాయించే పద్ధతి) మీద నడిచే స్టోరేజ్ పూర్తిగా నిండిపోతే ఏమవుతుంది, ఆ గంటల్లో ఏ పని ముందు చేయాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది ఈ కేసులో దాదాపు అంతా ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాం. ఆసుపత్రి పేరు, ఊరు, అర్రే (డిస్కుల పెట్టె) తయారీదారు పేరు తీసేశాం. అంకెలను కాస్త సవరించాం గాని వాటి మధ్య నిష్పత్తులు మార్చలేదు.

నేపథ్యం

రెండు ఊళ్లలో శాఖలున్న మధ్యతరహా ఆసుపత్రి. ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రే, స్కానింగ్ ఇమేజీలు అన్నీ ఒకే డేటా సెంటర్‌లో. ఆరు వీఎంవేర్ హోస్టులు (వీఎంలను, అంటే వర్చువల్ సర్వర్లను, నడిపే మెషీన్లు), రెండు కంట్రోలర్ల ఆల్ ఫ్లాష్ అర్రే ఒకటి, మధ్యలో ఐస్కజీ (స్టోరేజ్ రాకపోకల) నెట్‌వర్క్. అర్రేలో ఒకే పూల్ (డిస్కుల ఉమ్మడి జాగా), వాడుకోగల జాగా 60 టీబీ. దాని మీద ఒక్కొక్కటి 12 టీబీ చొప్పున పది లన్‌లు (హోస్టులకు డిస్కుల్లా కనిపించే భాగాలు), అంటే హోస్టులకు చూపించింది 120 టీబీ. డీడూప్ (ఒకేలాంటి బ్లాకులను ఒక్కసారే దాచడం), కంప్రెషన్ ఆన్‌లోనే ఉన్నాయి. హోస్టులు రాసిన 84 టీబీ డేటా 2.1 నిష్పత్తిలో కుదించుకుని 40 టీబీలో కూర్చుంది. దాని మీద అర్రే స్నాప్‌షాట్లు (డేటా ఒకప్పుడు ఎలా ఉందో పట్టి ఉంచే ప్రతులు) 4 టీబీ. మొత్తం 44 టీబీ, అంటే 73 శాతం.

పెళ్లికి 400 మందిని పిలిచి, వచ్చేది 200 మందేనన్న లెక్కతో వండించడం లాంటిదే థిన్ ప్రొవిజనింగ్. లెక్క తప్పు కాదు. ఏళ్ల అనుభవం మీద వేసిన లెక్కే. పిలిచినవాళ్లంతా ఒకే పూటకు వచ్చి కూర్చుంటేనే చిక్కు.

సంఘటనకు ముఖ్యమైన వివరాలు ఇంకో రెండున్నాయి. డేటాస్టోర్లన్నీ (వీఎంల ఫైళ్లు దాచే లన్‌లు) వీఎంఎఫ్ఎస్ 5, అంటే వీఎంవేర్ ఫైల్ సిస్టమ్ పాత వెర్షన్. హోస్టులను మధ్యలో కొత్త వెర్షన్‌కు మార్చినా ఫైల్ సిస్టమ్ పాతదే మిగిలింది, ఎందుకంటే 5 నుంచి 6కు ఉన్నచోటే మార్చే దారి లేదు, కొత్త డేటాస్టోర్ చేసి వీఎంలను తరలించాల్సిందే. ఇక వర్చువల్ డిస్కులన్నీ థిక్ లేజీ జీరోడ్ రకం, అంటే డేటాస్టోర్‌లో జాగా మొత్తం ముందే తీసుకుని, సున్నాలు మాత్రం రాసేటప్పుడే నింపేవి. కింద లన్ థిన్ కదా, పైన మళ్లీ థిన్ దేనికి అన్నది అప్పటి ఆలోచన. అందులో తర్కం ఉంది. కానీ దాని మూల్యం తర్వాత తెలిసింది.

సమస్య

సోమవారం తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకు ల్యాబ్ అప్లికేషన్ ఆగింది. పది నిమిషాల్లో బిల్లింగ్, తర్వాత లాగిన్‌లు, చివరికి హోస్టులన్నిటినీ ఒకేచోట నుంచి చూసుకునే వీసెంటర్ కూడా. నైట్ షిఫ్ట్ బృందం ముందుగా నెట్‌వర్క్‌ను అనుమానించింది, అది సబబే. హోస్ట్ నుంచి అర్రే పోర్టులకు 8972 బైట్ల పింగ్‌ను ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పంపారు (ప్యాకెట్ గరిష్ఠ సైజు 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే మిగిలేది అదే). అన్ని దారుల్లోనూ జవాబు వచ్చింది. ఐస్కజీ సెషన్లు పడిపోలేదు, హోస్ట్ నుంచి అర్రేకు ఉన్న దారులన్నీ (మల్టీపాత్) బాగున్నాయి. నెట్‌వర్క్ కాదని తేలడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ఆ సమయం వృథా కాలేదు.

వీసెంటర్ రాకపోవడంతో ఒక హోస్ట్‌లోకి నేరుగా లాగిన్ అయితే ప్రతి వీఎం మీదా పసుపు గుర్తు, ఒకే ప్రశ్న: వర్చువల్ డిస్కుకు జాగా లేదు, రీట్రై చేయాలా, క్యాన్సిల్ చేయాలా? పక్కనే డేటాస్టోర్ వివరాల్లో 4.1 టీబీ ఖాళీ అని ఉంది. డ్యూటీలో ఉన్న ఇంజనీరు మమ్మల్ని ఫోన్‌లో అడిగిన మొదటి మాట ఇదే: "ఇక్కడ నాలుగు టీబీ ఖాళీ చూపిస్తోంది కదండీ, మరి జాగా లేదంటోందేంటి?"

మొత్తం కేసు ఆ ప్రశ్నలోనే ఉంది. డేటాస్టోర్ చూపించేది లన్ సైజులోంచి వాడినది తీసేయగా మిగిలిన జాగా. లన్ వెనక పూల్‌లో నిజంగా బ్లాకులు మిగిలాయా లేదా అన్నది దానికి తెలియదు. హోస్ట్‌లోని వీఎంకెర్నెల్ లాగ్ తెరిస్తే అర్రే పంపిన సెన్స్ డేటా (ఎర్రర్ కోడ్) కనిపించింది: సెన్స్ కీ 7, దాని వెనక కోడ్ 27, 07. కొత్త బ్లాకు కేటాయించలేక రాతను నిరాకరించాను అని దాని అర్థం. ఈ కోడ్ వచ్చినప్పుడు హోస్ట్ ఆ వీఎంకు ఐ/ఓ ఎర్రర్ ఇవ్వదు, వీఎంను ఉన్నచోటే స్తంభింపజేస్తుంది. ఇది ప్రమాదంలా కనిపించే రక్షణ. లోపలి డేటాబేస్‌కు రాత విఫలమైన సంగతే తెలియదు, కాలం ఆగినట్టు ఉంటుందంతే.

అర్రే మేనేజ్‌మెంట్ పేజీలో పూల్ 100 శాతం. కంప్రెషన్ ఉన్న ఇలాంటి అర్రేలు పాత బ్లాకు మీదే తిరిగి రాయవు, ప్రతి రాతనూ కొత్తచోట వేసి పాతదాన్ని తర్వాత విడుదల చేస్తాయి. కాబట్టి కొత్త డేటా రాసే వీఎంలే కాదు, ఉన్న ఫైలును మార్చేవి కూడా ఆగిపోతాయి. అన్నీ వరసగా పడిపోవడానికి కారణం ఇది.

కారణం

నాలుగైదేళ్లుగా నెలకు అర టీబీ పెరిగే పూల్ రెండు రోజుల్లో 16 టీబీ ఎలా మింగింది? అర్రేలోని లన్‌వారీ గ్రాఫ్ చూస్తే పదింటిలో నాలుగు లన్‌ల మీద శనివారం రాత్రి 10 నుంచి ఎడతెరిపి లేని రాత. ఆ నాలుగూ విండోస్ సర్వర్లున్నవే. సెక్యూరిటీ ఆడిట్‌లో, నిల్వలో ఉన్న డేటాకు ఎన్‌క్రిప్షన్ లేదని రాశారు. దాన్ని తీర్చడానికి సర్వర్ బృందం 38 సర్వర్ల డేటా డ్రైవ్‌లకు స్క్రిప్టుతో బిట్‌లాకర్ (విండోస్ సొంత డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) ఆన్ చేసింది.

ఇక్కడ మూడు విషయాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఎన్‌క్రిప్ట్ అయిన డేటాలో పునరావృతం ఉండదు. దాన్ని అర్రే కుదించలేదు, డీడూప్ చేయలేదు. 12 టీబీ డేటా అంతకుముందు 5.7 టీబీలో ఇమిడింది, ఎన్‌క్రిప్ట్ అయ్యాక దానికి 12 టీబీ కావాలి.

స్క్రిప్టులో వాడిన జాగా వరకే ఎన్‌క్రిప్ట్ చేయమనే స్విచ్ పెట్టలేదు. ఆ స్విచ్ లేకపోతే మేనేజ్ బీడీఈ (బిట్‌లాకర్‌ను నడిపే కమాండ్) డ్రైవ్ మొత్తాన్నీ, ఖాళీతో సహా, చుట్టేస్తుంది. డిస్కు థిన్ అని విండోస్‌కు కనిపించి ఉంటే బిట్‌లాకర్ దానంతట అదే వాడిన జాగాకు పరిమితమయ్యేది. కానీ ఇక్కడి వర్చువల్ డిస్కులు థిక్ కాబట్టి విండోస్ వాటిని మామూలు డిస్కులనుకుంది. డ్రైవ్‌ల మొత్తం సైజు 22 టీబీ. అంటే 12 కాదు, 22 టీబీ కుదించలేని డేటా పూల్ మీదికి బయలుదేరింది.

మూడోది స్నాప్‌షాట్లు. కొత్త ఎన్‌క్రిప్టెడ్ బ్లాకు రాసినా, పాత బ్లాకును ఏడు రోజువారీ స్నాప్‌షాట్లూ పట్టుకునే ఉన్నాయి. రాసిన ప్రతి టీబీ నికరంగా అదనమే.

44కు 22 కలిపితే 66. పూల్ 60. ఎన్‌క్రిప్షన్ 70 శాతం దాటేసరికి 16 టీబీ ఖాళీ అయిపోయింది. గంటకు సుమారు 530 జీబీ, 30 గంటలు. ఆదివారం ఉదయం ఐదున్నరకు 80 శాతం, సాయంత్రం 5కు 90 శాతం హెచ్చరికలు అర్రే నుంచి మెయిల్‌లో వెళ్లాయి. వెళ్లింది ఉద్యోగం మానేసిన ఒకరి మెయిల్‌బాక్సుకు.

చేసినవి, ఫలించనివి

పాత టెస్ట్ వీఎంలు 3 టీబీ మేర తీసేశారు. పూల్ అంకె కదల్లేదు. వీఎంఎఫ్ఎస్ 5 మీద ఫైలు చెరిపితే ఆ బ్లాకులు ఖాళీ అయ్యాయన్న కబురు అర్రేకు తనంతట వెళ్లదు, అన్‌మ్యాప్ ఆదేశం మనం ఇవ్వాలి. అది కూడా ఆ సమయంలో వద్దనుకున్నాం: అన్‌మ్యాప్ నడిచేటప్పుడు డేటాస్టోర్‌లో తాత్కాలిక ఫైలు ఒకటి పుడుతుంది, మెటాడేటా రాతలుంటాయి. ఒక్క బ్లాకూ లేని పూల్ మీద ఆ రాతలు మధ్యలో ఆగితే ఫైల్ సిస్టమ్‌కే ముప్పు.

ఒక లన్‌లో ఖాళీ తక్కువగా ఉంది, ఇంకోదానికి వీఎంలను మారుద్దామన్న ప్రతిపాదన వచ్చింది. రెండు లన్‌లూ ఒకే పూల్ మీదివి. కాపీ పూర్తయ్యేదాకా రెండు ప్రతులకూ జాగా కావాలి. మొదలుపెట్టక ముందే ఆపాం.

ఖాళీ జాగాను సున్నాలతో నింపితే అర్రే వెనక్కి తీసుకుంటుందని మరొకరు అన్నారు. సున్నాలను గుర్తించే అర్రేల మీద, తీరిక వేళ అది పనికొచ్చే పద్ధతే. కానీ వీఎం స్తంభించి ఉండగా దాని లోపల సున్నాలు ఎవరు రాస్తారు? పైగా అది కూడా రాతే.

వీటన్నిటికంటే మనసుకు కష్టమనిపించేది, స్నాప్‌షాట్ల విషయంలో సరైన దారి పట్టి మధ్యలో వదిలేయడం. నైట్ బృందం అన్నిటికంటే పాతవి రెండు స్నాప్‌షాట్లు తీసేసింది. తిరిగొచ్చింది 0.2 టీబీ. దీంతో లాభం లేదని ఆపేశారు. ఎన్‌క్రిప్షన్‌కు ముందున్న పాత బ్లాకు ఒక్కటే, కానీ దాన్ని ఏడు స్నాప్‌షాట్లూ చూపుడు వేలితో పట్టుకుని ఉన్నాయి. ఆరు వేళ్లు తీసినా బ్లాకు విడుదల కాదు, ఏడోది తీస్తేనే కదులుతుంది. ప్రతి స్నాప్‌షాట్ పక్కన కనిపించే సైజు దానికి మాత్రమే సొంతమైన బ్లాకులది, పంచుకున్నవి అందులో కనిపించవు. ఏడు స్నాప్‌షాట్ల సైజులను కూడితే వచ్చేదానికంటే, ఏడింటినీ కలిపి తీసేస్తే తిరిగొచ్చేది చాలా ఎక్కువ ఉండొచ్చు.

ఒక సర్వర్ విషయంలో తొందరపాటు కూడా జరిగింది. ఎవరో క్యాన్సిల్ నొక్కారు. క్యాన్సిల్ అంటే ఆ వీఎం పవర్ తీసేయడమే. తర్వాత లేచాక డేటా డ్రైవ్ తాళం వేసి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీలు భద్రపరిచింది యాక్టివ్ డైరెక్టరీలో (లాగిన్ ఖాతాలుండే చోటు), దాన్ని నడిపే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ కూడా అదే పూల్ మీద స్తంభించి ఉంది. అదృష్టవశాత్తూ బిట్‌లాకర్ మార్పిడి మధ్యలో కరెంటు పోయినా తట్టుకునేలా చేసినది. డ్రైవ్ మధ్యాహ్నానికి తెరుచుకుంది.

పనిచేసినవి

ముందు బ్యాకప్ చూశాం. స్నాప్‌షాట్లు తీయడమంటే వెనక్కి వెళ్లే దారిని మనమే మూసేయడం, కాబట్టి ఇంకో దారి తెరిచి ఉందని రుజువు కావాలి. బ్యాకప్ వేరే పెట్టెలో ఉంది, శుక్రవారం రాత్రిది పూర్తి ప్రతి. జాబ్ పచ్చగా ఉంటే చాలదని, ఆ నాలుగు లన్‌ల మీది ఒక సర్వర్ నుంచి ఒక ఫోల్డరును బ్యాకప్ పెట్టెలోనే రిస్టోర్ చేసి ఫైళ్లు తెరిచి చూశాం. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. బయట ఓపీ మొదలయ్యే వేళ దగ్గరపడుతోంది, చీటీలు చేతితో రాయమని కౌంటర్లకు చెప్పారు. అయినా ఆ ఇరవై ఐదు నిమిషాలు మిగుల్చుకోవాలని చూడకూడదు.

తర్వాత ఏ లన్‌ల స్నాప్‌షాట్లు అన్నది. పదింటివీ తీసేస్తే త్వరగా తెములుతుంది. కానీ డేటాబేస్, ఇమేజీల లన్‌ల మీద ఎన్‌క్రిప్షన్ నడవలేదు, అక్కడి స్నాప్‌షాట్లు పట్టుకున్న జాగా తక్కువ, వాటి విలువ ఎక్కువ. కాబట్టి విండోస్ లన్‌లు నాలుగింటివే, కానీ ఒక్కటీ మిగల్చకుండా మొత్తం. తీసేసిన వెంటనే పూల్ అంకె మారదు, వెనక క్లీనింగ్ పని నడవాలి. 3 గంటల 40 నిమిషాల్లో 60 నుంచి 54.4 టీబీకి దిగింది.

మొదటి అరగంటలో 99 శాతం కనిపించగానే రీట్రై నొక్కుదామన్న ఒత్తిడి సహజం. ఎన్‌క్రిప్ట్ అవుతున్న సర్వర్లు లేచిన క్షణం నుంచీ మళ్లీ రాస్తాయి, వచ్చిన జాగా మళ్లీ పోతుంది. 92 శాతానికి దిగేదాకా ఎవరూ ఏదీ నొక్కొద్దని చెప్పాం.

లేపిన వరస ఇది. ముందు డొమైన్ కంట్రోలర్, దాని గడియారం సరిచేయడం. గంటల తరబడి స్తంభించిన వీఎం లోపల సమయం ఆగిన చోటే ఉంటుంది, లాగిన్‌లను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలే. గడియారం చూసుకోకుండా మిగతావి లేపితే లాగిన్‌లన్నీ తిరగబడి, ఇంకో కొత్త సమస్య వచ్చిందనుకుంటారు. తర్వాత వీసెంటర్, డేటాబేస్, బిల్లింగ్, ల్యాబ్, ఇమేజీలు. డేటాబేస్ ఆగిన చోటునుంచే కొనసాగింది. లోపం ఏమీ లేకున్నా కన్సిస్టెన్సీ చెక్ నడిపించాం.

ఎన్‌క్రిప్షన్ మధ్యలో ఉన్న 38 సర్వర్లను చివరికి ఉంచాం, ఒక్కొక్కటిగా. రీట్రై నొక్కడానికి ముందే ఆ వీఎం కన్సోల్ తెరిచి పెట్టుకోవాలి. లేవగానే లాగిన్, మేనేజ్ బీడీఈలో పాజ్, శాతం ఆగిందని చూసుకోవడం, ఆపై రెండోది. ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు. అన్నీ ఒకేసారి లేపితే 38 కన్సోళ్లలో ఒకేసారి పాజ్ చేయలేం. ఆ పని నడుస్తుండగానే, ఇప్పుడు రాయడానికి జాగా ఉంది కాబట్టి, తీసేసిన టెస్ట్ వీఎంల డేటాస్టోర్ మీద అన్‌మ్యాప్ నడిపితే ఇంకో 1.4 టీబీ వచ్చింది. సాయంత్రానికి పూల్ 53 టీబీ, 88 శాతం.

శాశ్వత పరిష్కారం

ఎన్‌క్రిప్షన్ వదిలేయడం పరిష్కారం కాదు, రోగుల వివరాలవి. అడగాల్సింది, ఎవరి నుంచి కాపాడుతున్నాం అని. పాడైన డిస్కు రిపేరుకు బయటికెళ్తే అందులోది ఎవరూ చదవకూడదన్నది ఆడిట్ ఆందోళన. దానికి అర్రే స్థాయి ఎన్‌క్రిప్షన్ సరిపోతుంది. అక్కడ ముందు కుదించి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కాబట్టి జాగా నష్టం లేదు. ఈ అర్రేలో డిస్కులు సెల్ఫ్ ఎన్‌క్రిప్టింగ్ రకమే, కీ మేనేజర్ కలపడమే మిగిలింది. (కొన్ని అర్రేల్లో దీన్ని మొదటి సెటప్‌లోనే ఎంచుకోవాలి, తర్వాత కుదరదు. కొనేముందు అడగండి.) వర్చువలైజేషన్ అడ్మిన్ డిస్కు ఫైలును కాపీ చేసుకుపోతాడన్న భయం ఉన్నచోట మాత్రం సర్వర్ లోపలి ఎన్‌క్రిప్షనే కావాలి. అలా లెక్కేస్తే 38లో 5 సర్వర్లు తేలాయి. మిగతా 33లో డిక్రిప్ట్.

పోయిన జాగాను వెనక్కి లాగడానికి తొమ్మిది రాత్రులు పట్టింది. డిక్రిప్ట్ చేసినంత మాత్రాన ఖాళీ జాగాలో పడిన చెత్త పోదు. అర్రే దృష్టిలో అది డేటాయే. థిక్ డిస్కు కాబట్టి విండోస్ లోపలి ట్రిమ్ (ఏ బ్లాకులు ఖాళీ అయ్యాయో చెప్పే కబురు) కింది దాకా రాదు. స్టోరేజ్ వీమోషన్‌లో (వీఎం డిస్కులను ఇంకో డేటాస్టోర్‌కు తరలించడం) థిన్‌గా మార్చితే తగ్గుతుందనుకుంటారు, అది సున్నాలున్న బ్లాకులనే వదిలేస్తుంది, చెత్తను యథాతథంగా మోసుకెళ్తుంది. అందుకని పని ఇలా నడిచింది: ఆ లన్ స్నాప్‌షాట్ షెడ్యూల్ ఆపి, డిక్రిప్ట్ పూర్తిచేసి, వీఎం మీద వీఎంవేర్ స్నాప్‌షాట్లుంటే కన్సాలిడేట్ చేసి, వీఎం హార్డ్‌వేర్ వెర్షన్ 11కు తక్కువుంటే పెంచి, కొత్త వీఎంఎఫ్ఎస్ 6 డేటాస్టోర్‌కు థిన్‌గా తరలించి, ఆ తర్వాత విండోస్ లోపల రీట్రిమ్. అప్పుడు ట్రిమ్ వర్చువల్ డిస్కును తగ్గిస్తుంది, వీఎంఎఫ్ఎస్ 6 ఆ ఖాళీని వెనక నెమ్మదిగా అర్రేకు చెబుతుంది. చిన్న డ్రైవ్‌లతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్క వీఎం, పూల్ 90 శాతం తాకితే ఆ రాత్రికి ఆపేయాలన్న గీత పెట్టుకుని చేశాం. పాత డేటాస్టోర్ ఖాళీ అవగానే దాని లన్‌ను తీసేసి ఆ జాగా అప్పటికప్పుడు రాబట్టాం. ముగిసేసరికి 39.6 టీబీ, 66 శాతం.

మార్చిన పద్ధతులు

హెచ్చరికలు ఇప్పుడు వ్యక్తికి కాదు, బృందం చిరునామాకూ, పూల్ మీద ఆధారపడని ఎస్ఎంఎస్ గేట్‌వేకూ వెళ్తాయి. నెలకోసారి గీతను కావాలని 60 శాతానికి దించి మెసేజ్ వస్తోందో లేదో చూస్తారు. శాతం కంటే వేగం ముఖ్యం కాబట్టి రెండో హెచ్చరిక గంటకు 150 జీబీ పెరుగుదల మీద పెట్టాం. ఆ శనివారం అది ఉండి ఉంటే రాత్రి 11కే ఫోన్ మోగేది, పూల్ అప్పటికి ఇంకా 75 శాతం దగ్గరే ఉంది.

పూల్‌లో 2 టీబీ థిక్ వాల్యూమ్ ఒకటి ఏ హోస్ట్‌కూ ఇవ్వకుండా పక్కన పెట్టాం. పూల్ మళ్లీ నిండితే దాన్ని తీసేస్తే చాలు, స్నాప్‌షాట్ క్లీనింగ్ కోసం గంటలు కాచుకోకుండా డొమైన్ కంట్రోలర్, డేటాబేస్ లేస్తాయి. దాన్ని రిజర్వేషన్‌తోనే, అంటే జాగా ముందే కట్టేసి, చేయాలి. సున్నాలతో నింపిన థిన్ వాల్యూమ్ కంప్రెషన్ ముందు శూన్యంతో సమానం.

రెండో డొమైన్ కంట్రోలర్‌నూ వీసెంటర్‌నూ ఒక హోస్ట్ సొంత డిస్కుల మీదికి మార్చారు. బిట్‌లాకర్ కీల కాగితపు ప్రతి సీల్ చేసి లాకర్‌లో పెట్టారు. మార్పుల అనుమతి ఫారంలో కొత్తగా ఒక గడి చేరింది: ఈ పని డిస్కు మీద ఉన్న డేటాను తిరగరాస్తుందా? ఎన్‌క్రిప్షన్, డీఫ్రాగ్, డేటాబేస్ ఇండెక్సుల పునర్నిర్మాణం, సున్నాలు నింపడం, పెద్ద ఎత్తున ఫైళ్ల ఫార్మాట్ మార్పిడి, ఇవేవైనా అయితే డ్రైవ్‌ల పూర్తి సైజు, కుదింపు లేకుండా ఎంతవుతుంది, స్నాప్‌షాట్లు ఎన్ని రోజులు పట్టుకుంటాయి అన్న మూడు అంకెలు రాసి స్టోరేజ్ బృందం సంతకం తీసుకోవాలి. ఆ శనివారం ఎవరైనా కాగితం మీద 44, 22 కూడి ఉంటే 66 కనిపించేది, పక్కనే పూల్ సైజు 60 ఉండేది.